భయానికో గడి

ఇంటింటి గోడలూ జిల్లా లెక్కలు చెప్పడం మొదలై చాలా కాలమైంది. ఆ పొద్దున సత్యవేణి వంటింటి గోడ హుషారుగా పలికింది.

"అనకాపల్లి జిల్లాలో అమ్మకాలు దేశంలోకెల్లా జోరుగా ఉన్నాయి. అంటే జనం చేతిలో డబ్బుంది, ఉచిత బియ్యం అక్కర్లేదు. అవునంటారా?"

కొత్త జ్వరం ఊళ్లోకి వచ్చి వారమే అయింది. జిల్లా గణాంకాధికారిగా ఆవిడ 'అవును' అంటే చాలు, ఢిల్లీలో అది ఖాయమైపోతుంది.

పొయ్యి వైపు కదిలిన ఆవిడ కాలికి భర్త నూకరాజు తెచ్చి పడేసిన బియ్యం బస్తాలు తగిలాయి.

"ఇన్నెందుకండీ?"

"రేపు దొరుకుతాయో లేదో ఏటో! వీధంతా ఎగబడి కొంటోంది."

సత్యవేణి గోడవైపు తిరిగింది. "బియ్యం, ఉప్పు, జ్వరం మాత్రలు తీసేసి చెప్పు."

"టీకొట్లు, బట్టలకొట్లు, బస్సు టిక్కెట్లు దాదాపు సున్నా."

"అయితే ఇది జోరు కాదు, భయం. పనుల్లేక కొనలేనివాళ్లు ఈ లెక్కలో లేనే లేరు. అలాగే రాసుకో."

"లెక్కల పట్టికలో భయానికి గడి లేదండీ. ఒప్పుకోకపోతే మీ ఉద్యోగానికి ఇబ్బంది."

నూకరాజు కంగారుపడ్డాడు. "మనకెందుకే గొడవ? అవునని పడెయ్!"

సత్యవేణి కొంగు నడుముకి దోపి, గోడకేసి చూస్తూ బస్తా మీద కూర్చుంది.

"గడి గీసేదాకా 'అవును' అనను. గీశాక ముందు మా ఇంటి బస్తాలే అందులో వెయ్."