కసిల్దా పిండి మిషను

కసిల్దా పిండి కలిపే మిషను మళ్లీ చెడింది. శనివారం కదా మరి, చెడక ఏం చేస్తుంది?

మార్కెట్ వెనక సందులోకి ఆమె మిషనును చంకనెత్తుకుని వస్తుండగానే, నారింజరసం బండి దగ్గర్నుంచి త్రినీ కేకేసింది.

"నికాంద్రో మేస్త్రీ, నీ రోగిని తీసుకొస్తున్నారు."

త్రినీ నోట్లో నువ్వుగింజ నానదు. నికాంద్రో వినపడనట్టు తల వంచుకుని బల్ల తుడిచాడు. చొక్కా పై బొత్తాం పెట్టుకున్నాడు. యాభై తొమ్మిదేళ్ల బ్రహ్మచారి. ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసుకుని బతుకుతున్నాడు.

"ఇవాళ ఏమైందండీ?"

"దానికి కోపమొచ్చింది," అంది కసిల్దా, మిషను పిడికి కట్టిన ఎర్రగుడ్డ చూపిస్తూ. "తమాలెలు ఉడక్కపోతే కుండ చెవులకి గుడ్డ కడతాం కదా, శాంతిస్తుందని. దీనికీ కట్టి చూశాను. ఊహూఁ, తిరగదే."

"మిషన్లకి కోపం రాదండీ," అన్నాడతను ఎంతో ఓపిగ్గా. "ఇదిగో, లోపల స్క్రూ వదులైంది."

"స్క్రూ అంటే ఏదండీ, ఈ గుండ్రటిదా?"

"అది మూతండీ."

భర్త పోయాక, పోయినేడాదే ఆమె ప్యూబ్లా నగరం నుంచి ఈ చిన్న ఊరు అట్లిష్కోకి వచ్చింది. చర్చి వెనక చిన్న ఇల్లు తీసుకుని, మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలెలు చేసి అమ్ముతోంది. మొదటిసారి ప్లగ్గులో తీగ ఊడిందని మిషను తెచ్చింది. కూలి బదులు ఆరు తమాలెలు చేతిలో పెట్టింది. మొక్కజొన్న ఆకు విప్పి మొదటి ముక్క నోట్లో వేసుకోగానే నికాంద్రో పని అయిపోయింది.

దాచడమెందుకు, నికాంద్రో చెయ్యి మంచిదే గానీ బుద్ధి కాస్త వంకర. బాగుచేసిన ప్రతిసారీ లోపల ఒక స్క్రూను అర చుట్టు వదులుగా వదిలేవాడు. వారం రోజులు పిండి కలిపేసరికి అది ఊడేది. శనివారానికల్లా ఆమె ప్రత్యక్షమయ్యేది. ఏడు నెలలుగా ఇదే తంతు. ఒక్కోసారి తను ఒకటి వదిలితే రెండు వదులై వచ్చేవి. రాళ్లు పరిచిన వీధి, కుదుపులకి ఆ మాత్రం వదులవ్వవా అనుకునేవాడు.

ఈ శనివారం మాత్రం కసిల్దా కూర్చోలేదు.

"ఇక మీకు నా బెడద ఉండదు లెండి మేస్త్రీ గారూ. రేపు కందెలారియా పండక్కి మా మేనకోడలు కొత్త మిషను తెస్తానంది. పదేళ్లదాకా తిరిగి చూడక్కర్లేదట. ఇదే ఆఖరు."

నికాంద్రో తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాడు.

"మంచిదేగా," అన్నాడు.

"మంచిదే," అందామె. ఒక నిమిషం అక్కడే నిలబడింది. తర్వాత వెళ్లిపోయింది.

ఆమె మలుపు తిరిగిందో లేదో, త్రినీ వచ్చి బల్ల ముందు నిలుచుంది.

"స్క్రూ లూజైంది మిషనుకి కాదయ్యా, నీకు. ఏడు నెలలు ఆవిడ చేతి తిండి తిన్నావు. పెళ్లి చేసుకుందామని ఒక్క మాట అనలేవూ? అదీ నేనే వచ్చి చెప్పాలా?"

"ముందు నేను చేసిన మోసం చెప్పాలి త్రినీ. అబద్ధం మీద పెళ్లేమిటి?"

"చెబితే తంతుంది."

"తన్నించుకుంటాను. రేపు కొత్తది వచ్చేస్తే తన్నడానిక్కూడా రాదు."

తాడో పేడో తేల్చుకోవాల్సిందే అనుకున్నాడు. ఆ మధ్యాహ్నం, ఏడు నెలల్లో మొదటిసారి, మిషనును నిజంగా బాగుచేశాడు. ఉన్న స్క్రూలన్నీ బిగించాడు. పళ్లచక్రాలకి గ్రీజు పూశాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మిషనును భుజాన వేసుకుని, మొట్టమొదటిసారి ఆమె ఇంటికి బయల్దేరాడు.

తలుపు తీసిన కసిల్దా చేతులు మోచేతులదాకా పిండి. మిషను లేక చేత్తోనే గిలక్కొడుతున్నట్టుంది.

గుమ్మం దాటకుండానే నికాంద్రో మొదలుపెట్టాడు. ఆగితే మళ్లీ నోరు రాదని భయం.

"కసిల్దా గారూ, ఈ మిషనుకి ఏ రోగమూ లేదు. రోగమంతా నాకే. వారం వారం స్క్రూ వదులు చేసింది నేను. మీరు రాని శనివారం నాకు వద్దు. నన్ను పెళ్లి చేసుకోండి. లేదంటే తన్నండి. మీ ఇష్టం."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదవులు మాత్రం నవ్వుతున్నాయి.

"పిండి కలిపే రోజు ఇంట్లో ఎవరూ కోప్పడకూడదు, తమాలెలు పచ్చిగా ఉండిపోతాయి. ఈ ముక్క అనడానికి ఏడు నెలలు పట్టిందా మీకు? లోపలికొచ్చి కూర్చోండి. మన పెళ్లి మాట రేపు మేనకోడలి ముందే చెబుదాం. జావ తెస్తానుండండి."

నికాంద్రో కాళ్లు భూమ్మీద లేవు. ముందుగదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు. సంతోషం తన్నుకొస్తున్నా మనసులో ఒక మూల పీకుతూనే ఉంది. పాపం, స్క్రూకీ మూతకీ తేడా తెలియని మనిషి. తను చేసిన మోసమేమిటో అర్థమయ్యే ఉండదు. జావ తాగాక నిదానంగా, మిషను విప్పి చూపించి మరీ చెప్పాలి అనుకుంటూ తలెత్తాడు.

ఎదురుగోడ మీద, అద్దం వేసిన పటంలో, బంగారు రంగు అక్షరాల్లో ఇలా ఉంది: "మా రొట్టెల ఫ్యాక్టరీలో పిండి కలిపే యంత్రాలన్నిటినీ ఇరవై నాలుగేళ్లపాటు ఒక్కరోజూ ఆగనివ్వని హెడ్ మెకానిక్ శ్రీమతి కసిల్దా వెర్తాకు, కృతజ్ఞతలతో."