పసుపు చుక్క

"బాబాయ్! నా బోల్టు మీద పానా పెడతన్నావేటి?"

భోజనానికి వెళ్లిన అప్పలసూరి తొందరగా తిరిగొచ్చి, షెడ్డు గుమ్మంలోంచి అరిచాడు.

దేవకుమార్ ఉలిక్కిపడ్డాడు. ఆయన చేతిలో ముల్లున్న పొడవాటి టార్క్ పానా ఉంది. నట్టుని ఎంత బలంతో బిగిస్తున్నామో ఆ ముల్లు చూపిస్తుంది.

ఎనభై రెండు నాటి మాట. కంచరపాలెంలో మోటార్ సైకిల్ని ఊడదీసి మళ్లీ కొత్తదానిలా కట్టాలంటే సూరే. పొగరుండేదా అంటే, ఉండేది మరి.

దేవకుమార్ పోర్టులో ఫిట్టరుగా రిటైరైన మనిషి. రెండేళ్ల కిందట తనంతట తానే సాయానికి వచ్చాడు. రోజూ మధ్యాహ్నం సూరి ఇంటికెళ్లి తినొచ్చేదాకా షెడ్డు చూసేవాడు. సూరి బిగించిన ప్రతి నట్టు మీదా పసుపు రంగు చుక్క పెట్టేవాడు.

"ఈ బొట్లేటి బాబాయ్?" అని మొదట్లో అడిగితే, "నువ్వు బిగించినావని గుర్తు బాబూ" అన్నాడు.

బళ్లున్నవాళ్లకి ఆ చుక్క మీద గురి కుదిరింది. 'పసుపు బొట్టు సూరి' అనేవాళ్లు. సూరి పొంగిపోయేవాడు.

చుక్క పెట్టేముందు ముసలాయన ప్రతి నట్టునీ మళ్లీ కొలుస్తున్నాడని ఇప్పుడు తెలిసింది.

ఒకడు బిగించినదాని మీద ఇంకొకడు పానా పెట్టడమంటే, నీకు పని రాదని మొహం మీద చెప్పడమే. ఏ షెడ్డులోనైనా అంతే.

"నా సెయ్యే నాకు కొలత! తిరిగొచ్చిన బండి ఒక్కటి సూపించు!"

"బలం ఎక్కువైనా బోల్టు మర తెగిపోద్ది బాబూ. తెగిన మర నట్టుని పట్టుకోదు. దీంతో ఒక్కపాలి..."

"నాకు పాఠాలు సెప్పకు. ఎల్లిపో!"

దేవకుమార్ పానాని గుడ్డలో చుట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"ఈరన్న బండి ముందు సెక్రం సూడలేదు. అదొక్కటీ..."

"ఎల్లమన్నానా!"

తలొంచుకుని వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండానే వీరన్న బండిని ఈడ్చుకుంటూ వచ్చాడు. మోచేతులు రెండూ చెక్కుకుపోయాయి.

"ముందు సెక్రం నట్టు ఊడిపోనాది బావా! ఎనకాల నా కూతురు కూకుంది. ఇసకలో పడ్డాం కాబట్టి బతికినాం."

సూరి వంగి చూశాడు. ఇరుసు మీద మర తెగి ఉంది. ముందు చక్రం దగ్గర ఎక్కడా పసుపు చుక్క లేదు.

ఉన్నపళంగా షెడ్డు మూసి, ఇల్లు వాకబు చేసుకుంటూ జ్ఞానాపురం పరిగెత్తాడు.

తలుపు తీసింది దేవకుమార్ భార్య ఫ్లోరెన్స్. తెల్లచీరలో ఉంది.

"నువ్వు సూరివి కదూ? ఆయన పోయి తొమ్మిది రోజులయ్యింది బాబూ. గుండె నొప్పి."

సూరి గడప మీదే కూలబడ్డాడు.

"తిట్టి పంపేసినానమ్మా ఆయన్ని!"

"నీ మీద కోపం లేదు నాయనా." ఆమె లోపలికెళ్లి, గుడ్డలో చుట్టిన పానా తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. "నీకే ఇమ్మన్నారు."

సూరికి ఏడుపు ఆగలేదు.

"నాను ఆయనకి ఏటౌతానని నా మీద ఇంత పేమ?"

ఆమె గడప పక్కనే కూర్చుంది.

"ఆ పిల్లడికి సెప్పెయ్యండీ అనేదాన్ని. సెప్తే వాడి సెయ్యి వణికిపోద్ది, వణికే సేత్తో పని సేసుకుని ఎలా బతుకుతాడు అనేవోరు."

"ఏటి సెప్పాలమ్మా?"

ఆమె గోడ మీది ఫోటో వైపు చూసింది.

"మా అబ్బాయి. ఒక్కడే. సింధియా రోడ్డులో ముందు సెక్రం ఊడి పోనాడు."

ఫోటోలో ఆ కుర్రాడు నవ్వుతూ కూర్చున్నది, షెడ్డు తెరిచిన కొత్తలో సూరి తన చేత్తో బిగించిన మొట్టమొదటి బండి మీద.