ఉడుతమ్మ తోక

వానలు తప్పిన ఏడు, ఎండాకాలం. ఉడుతమ్మ తోకకి ముల్లు దిగి కుళ్ళు పట్టింది. మత్తు ఆకు నమిలించి తోక కొరికేద్దామని ముంగిస వైద్యుడు సిద్ధమయ్యాడు. వైద్యం తెలియని ముగ్గురు సరేనంటేనే పన్ను పెట్టాలని ఆ తోపు కట్టుబాటు. తాబేలు తాత, కప్ప, కుందేలు వచ్చి కూర్చున్నారు.

"మీకేం తెలుసని చెప్పను? తోక ఉంటే ఈమె బతకదు," అన్నాడు వైద్యుడు.

"సరేనయ్యా. మరి ఆమెను అడిగావా?" అంది కుందేలు.

"ఎందుకూ? నొప్పిలో ఏదో వాగుతుంది."

"వాగనీ, వింటాం," అన్నాడు తాబేలు తాత.

ఉడుతమ్మ తలెత్తింది. "నా పిల్లలు చిటారుకొమ్మ తొర్రలో ఉన్నారు తాతా. తోక లేకపోతే అక్కడికి దూకలేను. వాళ్ళను దించుకున్నాక కోయండి."

"అప్పటికి కుళ్ళు కాలికి పాకుతుంది!"

"పాకనీ అయ్యా."

ముగ్గురూ ఆమె మాటకే తలూపారు. వైద్యుడు గొణుక్కుంటూనే వెళ్ళి, ఆమె దూకే కొమ్మల కింద కాపు కాశాడు. సాయంత్రానికి పిల్లలందరూ కింది పొదలో పాలు తాగి పడుకున్నారు. ఉడుతమ్మ వాళ్ళను చూసుకుని, నవ్వుతూ మత్తు ఆకు నమిలింది.

తోకతో పాటు వెనక కాలు కూడా తీసేయాల్సి వచ్చింది.