పది వాట్ల మనిషి

"బలమన్నా శక్తన్నా ఒకటే కదేటి?"

"ఒకటే అయితే రెండు పేర్లెందుకు దాదా? బుర్ర ఇంట్లో పెట్టొచ్చావా?" అంది మేరీరాణి.

పెద్దిరాజుకి ఒళ్లు మండింది. ఖిదిర్‌పూర్ మురుగునీటి పంపుహౌసులో ఇరవై రెండేళ్లుగా అతను హెల్పరు. రెండేళ్ల క్రితం, చనిపోయిన తండ్రి ఉద్యోగంలో ఈ పిల్ల చేరినప్పుడు, "ఆడదానికి పంపుల దగ్గరేటి పని?" అని పై ఆఫీసుకు అర్జీ పెట్టింది అతనే. ఇప్పుడు ఆపరేటరు పోస్టు ఒక్కటి ఖాళీ పడింది. నోటి పరీక్షలో ఫిజిక్సు అడుగుతారు. అక్కడ సైన్సు చదివింది ఆమె ఒక్కతే. సిగ్గు చంపుకుని అడిగితే, "నేర్పుతాను. పంపు తెలీనోడు ఆపరేటరైతే మునిగేది మా బస్తీయే" అంది మొహం మీదే.

మడ్డి తీసే బకెట్టు చూపించింది. "ఇది పది కిలోలు. భూమి దీన్ని ఇంచుమించు వంద న్యూటన్ల బలంతో లాగుతాది. మీటరెత్తు లేపు."

లేపాడు.

"వంద జౌళ్ల శక్తి ఖర్చయింది. సెకనులో లేపితే సామర్థ్యం వంద వాట్లు. నువ్వు పది సెకన్లు తీశావు. పది వాట్ల మనిషివి!"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

నెల్లాళ్లూ ఇదే వరస. అర్జీ పెట్టిన కక్ష తీర్చుకుంటోందని అతని నమ్మకం. కావాలనే తప్పు నేర్పుతోందేమోనని అనుమానం కూడా.

పరీక్షలో ఇంజినీరు అడిగాడు: "వంద కిలోల నీళ్లు, పది మీటర్ల ఎత్తుకి, పది సెకన్లలో. చెప్పు."

మేరీరాణి నేర్పింది తప్పయితే? మరో దారి లేక పెద్దిరాజు అదే అప్పజెప్పాడు. "బలం వెయ్యి న్యూటన్లు. శక్తి పదివేల జౌళ్లు. సామర్థ్యం వెయ్యి వాట్లు సార్."

ఇంజినీరు తలూపాడు.

శుక్రవారం ఆఫీసు గుమాస్తా ఫోను చేశాడు, పోస్టు నీదేనని. పెద్దిరాజు నేరుగా మేరీరాణి ముందుకెళ్లి నిలబడ్డాడు.

"నన్ను పడగొడదామనుకున్నావు కదూ? సూడు, గెలిసాను!"

"మోటారు వేడెక్కుతోంది. వెళ్లి చూసుకో" అంది ఆమె తలెత్తకుండా.

"పొగరు!" అని ఉమ్మేసి, కాగితాల కోసం ఆఫీసుకెళ్లాడు. గోడమీద మార్కుల జాబితా అంటించి ఉంది. మొదటి పేరు తనది.

ఒక్క మార్కు తేడాతో రెండో పేరు మేరీరాణిది.