ఆవకాయ నెలలో పిడికెడు చెత్త

రాజమండ్రిలో ఇంటింటికీ మాట్లాడే చెత్తబుట్ట వచ్చింది. నెలకు ఎంత చెత్త వేస్తారో ఇంటివాళ్లే ముందుగా మాట ఇవ్వాలి. మాట తప్పితే మేడమీద కూరమడి పక్కవాటాకు పోతుంది. సుభాషిణి ఈసారి పిడికెడు చాలంది. అది ఆవకాయ పెట్టే నెల అని మరిచిపోయింది.

మామిడికాయలు కొట్టాక టెంకల్లోని జీడి గుట్టగా మిగిలింది.

"ఇదంతా వేస్తే మాట తప్పుతారమ్మా," అంది బుట్ట.

"నువ్వు మూత మూసుకో."

మడిలో ఆమె గోంగూర నిన్ననే మొలిచింది.

పక్కవాటా పర్వీన్ గుమ్మంలోంచి నవ్వింది. "పంతానికి పోయి పిడికెడన్నావు గదక్కా. ఇకనుంచి గోంగూరకి నీళ్లు నేను పోస్తాలే."

సుభాషిణి ఒక జీడి కొరికింది. వగరు. చిన్నప్పుడు కడుపునొప్పి వస్తే అమ్మమ్మ మజ్జిగలో కలిపిచ్చిన పొడి ఇదే వగరు. లేచి చేట తెచ్చింది. జీడి మీది పొరలు మాత్రం బుట్టలో వేసి, జీడిని ఎండలో పరిచింది.

"నాకూ కాస్త పొడి ఉంచక్కా," అంది పర్వీన్. "మా జీడి కూడా తెస్తా."

నెలాఖరుకి పిడికెడు నిండలేదు. గోంగూర కోతకొచ్చింది.

"వచ్చే నెల ఎంతమ్మా?" అని బుట్ట అడిగింది.

"పనసపళ్లొచ్చే నెల అది. పర్వీన్‌ని కూడా అడిగి చెబుతానుండు."