పిన్నీసు

"ఆంటీ! ఏం చేస్తున్నారు మీరు?"

వేద కేకకి గదిలో అందరూ తలెత్తారు.

స్నాక్స్ ఆంటీ ఒక చేతిలో వేద డాన్స్ డ్రెస్ ఉంది. రెండో చేతిలో ఓ పిన్నీసు.

డ్రెస్ మీద కుట్టిన అరవై లైట్లలో ఒక్కటీ వెలగడం లేదు.

షోకి ఇంకా నలభై నిమిషాలే ఉన్నాయి.

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఓ కమ్యూనిటీ సెంటర్ వాళ్ళ సమ్మర్ క్లాసుకి అది ఆఖరి రోజు. ఆరు వారాలుగా పదిహేనుమంది టీనేజర్లు కంప్యూటర్‌తో పాటలు కట్టారు, బొమ్మలు ఆడించారు. వేద మాత్రం కరెంటు పారే దారంతో తన కూచిపూడి డ్రెస్ మీద లైట్లు కుట్టింది. అడుగు వేస్తే చాలు, తాళానికి తగ్గట్టు వెలుగుతాయి. వేలికి సూది గుచ్చుకోని రోజు లేదు పాపం.

ఈ తంటా అంతా ఒక్క మనిషికి చూపించాలని.

క్లాసులో వాళ్ళకి ఓ పుస్తకం ఉంది. స్పైరల్ బైండింగు, చేత్తో గీసిన బొమ్మలు. రాసినవాళ్ళ పేరు మాత్రం లేదు. వేద దాన్ని దిండు పక్కన పెట్టుకుని పడుకునేది. పధ్నాలుగో పేజీలో ఓ పిన్నీసు బొమ్మ, దాని మీద పెద్ద ఇంటూ మార్కు ఉంటే, "సో ఫన్నీ" అని నవ్వి పేజీ తిప్పేసింది.

"రాసినవారు ఆఖరి రోజున మీ ముందుకొస్తారు. ఎవరో ముందే తెలిస్తే మీరు తప్పులు చెయ్యడానికి జంకుతారట," అని చెప్పాడు క్లాసు నడిపే దివాకర్. ముందు వరసలో ఓ కుర్చీకి 'రిజర్వ్‌డ్' అని కాగితం కూడా అంటించాడు.

శాంటా క్లారా యూనివర్సిటీ నుంచి ఎవరో పెద్ద ప్రొఫెసర్ దిగుతాడని పిల్లలందరి నమ్మకం.

"బ్యాటరీ వైరు నేనే తీశాను తల్లీ," అంది ఆంటీ. "ఈ పిన్నీసు..."

"అది మా మమ్మీ పెట్టింది! ఫ్రంట్ ప్లీట్స్ లూజ్ అయ్యాయి, అందుకే!"

అవును మరి. మన ఇళ్ళల్లో ఏది జారినా, ఏది ఊడినా పిన్నీసే దిక్కు.

"అది రెండు దారాలకీ..."

"ఆంటీ, స్టాప్! దీని గురించి మీకేం తెలుసు? సిక్స్ వీక్స్ పట్టింది నాకు!" వేద డ్రెస్ లాక్కుంది. ఏడుపొచ్చేసింది. "స్నాక్స్ తెస్తారు కదా, ఆ టేబుల్ దగ్గరే ఉండండి. లేదంటే... ప్లీజ్, వెళ్ళిపోండి."

దివాకర్ ఉంటే సర్దిచెప్పేవాడే. ఆయన హాల్లో స్పీకర్ల పనిలో ఉన్నాడు.

ఆవిడ పేరు ఎవరూ ఎప్పుడూ అడగలేదు. రోజూ స్టీలు డబ్బాలో జంతికలు తెచ్చి, వెనకాల కూర్చుని అందర్నీ చూసేది. భర్త ఉద్యోగం మీద వచ్చిన హెచ్-4 వీసా, తను ఉద్యోగం చెయ్యడానికి లేదు. కాలక్షేపానికి వస్తోందనుకున్నారు.

ఆవిడ ముఖం చిన్నబోయింది.

"సరేలే తల్లీ. మా ఆయన జాబ్ పోయి అరవై రోజులైంది, ఇక ఈ దేశంలో ఉండనివ్వరు. సాయంత్రమే మా ఫ్లైటు. ఎలాగూ వెళ్ళాల్సిందే."

పిన్నీసుని తన గాజుకి తగిలించుకుంది.

"ఇది నా దగ్గరే ఉంటుంది. ఇంకోటి పెట్టకు."

వెళ్ళిపోయింది. జంతికల డబ్బా టేబుల్ మీదే ఉండిపోయింది.

వేద కళ్ళు తుడుచుకుని డ్రెస్ వేసుకుంది. కుచ్చిళ్ళు మళ్ళీ జారాయి. మేకప్ బ్యాగులోంచి ఇంకో పిన్నీసు తీసి గట్టిగా గుచ్చింది.

"సృజన్, బ్యాటరీ కనెక్ట్ చెయ్."

పక్కనే ఉన్న క్లాస్‌మేట్ సృజన్ ఆమె నడుం దగ్గర వైరు పెట్టాడు. లైట్లన్నీ ఒక్కసారి మినుక్కుమని ఆరిపోయాయి.

"ఏమైంది?"

"తెలీదు. వెయిట్, వేడిగా ఉంది... చాలా వేడిగా..."

"వేదా, పొగ!"

వేద కెవ్వున అరిచింది. దివాకర్ పరుగెత్తుకొచ్చి వైరు లాగేశాడు. ఉబ్బుతున్న బ్యాటరీని గుడ్డతో పట్టి పీకాడు. స్టీలు డబ్బాలో జంతికలు కుమ్మరించేసి, బ్యాటరీ అందులో పడేసి, పార్కింగ్ లాట్‌లోకి పరుగెత్తాడు.

డబ్బా కింద పెట్టి నాలుగడుగులు వేశాడో లేదో, టప్పుమని పేలింది.

వేద నడుం దగ్గర చర్మం కందింది, అంతే. అంతటితో పోయింది.

దివాకర్ తిరిగొచ్చి కుచ్చిళ్ళు చూశాడు. కరెంటు వచ్చే దారాన్నీ, పోయే దారాన్నీ కలిపేస్తూ పిన్నీసు నల్లగా మాడి ఉంది.

"పధ్నాలుగో పేజీ చదవలేదా?"

అప్పుడు గుర్తొచ్చింది వేదకి, ఇంటూ మార్కు.

"అంకుల్, ఆంటీ ఆల్రెడీ తీసేశారు ఒకటి. నేనే... నేనే మళ్ళీ పెట్టాను. ఆంటీని వెళ్ళిపొమ్మన్నాను."

"ఏ ఆంటీని?"

"స్నాక్స్ ఆంటీని."

దివాకర్ గబగబా ఫోన్ తీశాడు. ఆవిడ నంబర్ కొట్టాడు. ఆ నంబర్ ఇప్పుడు వాడుకలో లేదని వినిపించింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే.

మూడింటికి హాలు నిండిపోయింది. ముందు వరసలో ఆ ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది.

లైట్లు లేని డ్రెస్‌తో వేద స్టేజి పక్కన నిలబడింది. మాటిమాటికీ తలుపు వైపే చూస్తోంది.

"అంకుల్, ఆ ఆథర్ రాగానే ఫస్ట్ నా మిస్టేక్ చెప్పేస్తాను. బుక్‌లో ఉన్నా నేను చదవలేదని. తర్వాత ఆంటీకి కూడా సారీ చెప్తాను."

దివాకర్ వెళ్ళి కుర్చీకి అంటించిన కాగితం మెల్లగా ఊడదీశాడు.

"ఆ కుర్చీ వేసింది ఆవిడకేనమ్మా," అన్నాడు.