గుట్ట మీది పదకొండుమంది

"పేర్లు లేకపోతే అది శ్మశానం కాదు, ఉత్త గుట్ట" అన్నాడు గ్రాంథమ్.

కౌంటీ బోర్డుకు అతనే అధ్యక్షుడు. కొత్త రిజర్వాయరు ఒడ్డున ఉన్న పైన్ చెట్ల గుట్టను చదును చేసి ఇళ్ల స్థలాలు వేయాలని బోర్డు ఆలోచన. అక్కడ తనవాళ్లు పదకొండుమంది ఉన్నారు, తవ్వొద్దని అడగడానికి ఎల్సీ కాంబీ కోర్టు భవనానికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. అమెరికా ఆదివాసుల్లో చాక్టా తెగ మనిషి, ఆ తెగ భాష తప్ప మరొకటి రాదు. మనవరాలు రొవీనా పక్కన నిలబడి అటు మాటలు ఇటు, ఇటు మాటలు అటు చెబుతోంది.

"ఎవరెవరున్నారో చెప్పమను."

"మా పెద్దవాడి నాన్న" అంది ఎల్సీ.

"అంటే ఆవిడ మొగుడు. పేరు?"

"మా పెద్దవాడి నాన్న."

బోర్డు సభ్యులు నలుగురూ నవ్వారు. "కట్టుకున్నవాడి పేరే మర్చిపోయిందంటే, కాపురం ఎంత బాగా సాగిందో" అన్నాడు గ్రాంథమ్.

"మర్చిపోలేదండీ" అంది రొవీనా. "పోయినవాళ్ల పేరు మేం పలకం. పలికితే, పడమటికి వెళ్తున్న దారిలో ఆగి వెనక్కి చూస్తారు. ఆ పైన వాళ్లకి దారి దొరకదు."

"రాళ్ల మీదైనా రాసుకోవచ్చుగా?"

"రాస్తే ఎవరో ఒకరు చదువుతారు కదండీ."

మిస్ ఓపల్ లేచింది. ఆవిడ కౌంటీ చరిత్ర సంఘం అధ్యక్షురాలు. ఆవిడ లెక్కలో కౌంటీ చరిత్ర తన ముత్తాత ఇక్కడ బండి దిగిన రోజున మొదలైంది. అయినా చాక్టా బుట్టలంటే ప్రాణం, ఇంట్లో ఆరున్నాయి. వచ్చి ఎల్సీ చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారి చెప్పండి తల్లీ, రాసుకుంటాను. మీరు చెప్పకపోతే అవి మీతోనే పోతాయి. పేర్లు నా చేతికిస్తే బోర్డుతో నేను మాట్లాడతాను."

రొవీనా ఆ మాట చెప్పి, "వద్దులే అమ్మమ్మా, పోదాం పద" అని తన మాట కూడా కలిపింది.

"ఎక్కడికి పోతాం? సోమవారం బుల్డోజరు వస్తుందట. వాళ్లు వెనక్కి చూడడం నయమా, ఎముకలు లారీ ఎక్కడం నయమా?"

"నన్నడిగితే ఏం చెప్పను?"

"నిన్నెవరడిగారే. నన్ను నేనే అడుగుతున్నా."

ఎల్సీ పడమటి గోడ వైపు తిరిగింది. "ఇమాతుబ్బీ" అంది.

"కాస్త గట్టిగా తల్లీ" అంది మిస్ ఓపల్.

ఎల్సీ మళ్లీ అంది. తరువాత పిసాహోకే. తరువాత నోవాహోనా. ఒక్కో పేరుకూ ఆగింది, ఎవరో నడక ఆపి తిరిగి చూసేదాకా ఆగినట్టు. మొగుడి పేరు వచ్చినప్పుడు గోడకు చెయ్యి ఆనించింది. పదకొండో పేరు ఆమె పెదవుల దగ్గరే చాలాసేపు నిలిచిపోయింది.

"సాలీన్."

రొవీనా ఆ పేరు ఎప్పుడూ వినలేదు. "ఎవరమ్మమ్మా?"

"మీ అమ్మ కన్నా ముందు పుట్టింది. తొమ్మిది రోజులుంది." ఎల్సీ బెంచీ మీద కూలబడింది. "అయిపోయింది. రేపు నేను వెళ్లాక ఏ మొహంతో వాళ్లకి ఎదురుపడను?"

మిస్ ఓపల్ కాగితం పట్టుకుని బోర్డు బల్ల దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లింది. ఆరు తలలూ ఒక్కచోట చేరాయి. గుసగుసలు సాగాయి. గ్రాంథమ్ చెయ్యెత్తాడు. తక్కిన నలుగురూ ఎత్తారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. మిస్ ఓపల్ కళ్లు తుడుచుకుంటూ వచ్చి, సంతకాలైన తీర్మానం రొవీనా చేతిలో పెట్టింది.

"ఒప్పుకున్నారా?" అడిగింది ఎల్సీ.

"అయిదుగురూ చెయ్యెత్తారమ్మమ్మా."

"ఏం రాశారో చదువు మరి."

రొవీనా చూసింది. పొద్దుట్నుంచీ అటూ ఇటూ మాటలు మోసిన మనిషికి ఆ ఒక్క వాక్యం మాత్రం అమ్మమ్మ దాకా మోయడం చేతకాలేదు.

"గుట్టను చదును చేసి వేయనున్న కొత్త కాలనీలోని పదకొండు వీధులకు ఈ పదకొండు పేర్లు పెట్టడమైనది."